పొగాకు మాన్పించే వైద్యం: మళ్లీ వచ్చేసరికి ఆ గది తెరిచే ఉండాలి

నంద్యాల, ఆళ్లగడ్డ: "మా అబ్బా బీడీ మానేశాడు" అని పిల్లలు సంబరంగా చెప్పుకునే రోజు చాలా ఇళ్లలో వస్తుంది. మూడు వారాలకో, మూడు నెలలకో "మళ్లీ మొదలుపెట్టాడు" అని గొంతు తగ్గించి చెప్పుకునే రోజు కూడా వస్తుంది. ఎక్కువ ఇళ్లలో కథ అక్కడితో అయిపోతుంది. మనిషికి పట్టుదల లేదు, ఇక చెప్పి లాభం లేదు అని ఇంటిల్లిపాదీ ఒక నిర్ణయానికి వచ్చేస్తారు.

డాక్టర్ల లెక్క వేరు. పొగాకు మానడం ఒక్కసారి గట్టిగా అనుకుని తేల్చేసే పని కాదని వాళ్లకు తెలుసు. చాలామందికి మూడు నాలుగు ప్రయత్నాలు, కొందరికి అంతకంటే ఎక్కువే పడతాయి. అందుకే మొదటిసారి వచ్చిన మనిషికంటే రెండోసారి, మూడోసారి వచ్చిన మనిషే ఈ వైద్యానికి అసలు పరీక్ష. ఆయన తిరిగి వచ్చిన రోజున కౌన్సెలర్ ఉన్నాడా, మందు ఉందా, పాత రికార్డు దొరుకుతుందా? లేక గదికి తాళం వేసి ఉందా?

మే 31న పొగాకు వ్యతిరేక దినం వస్తుంది. ర్యాలీ తీస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటోలు దిగుతారు. అందులో తప్పేమీ లేదు. జూన్ 1న ఎవరైనా "నేను మానాలనుకుంటున్నా" అని ఆసుపత్రికి వస్తే ఏం జరుగుతుందన్నదే ఈ కథనం.

పట్టుదల ఒక్కటే ఎందుకు సరిపోదు

పొగాకులోని నికోటిన్ పొగ రూపంలో లోపలికి వెళ్తే 10 నుంచి 20 సెకన్లలో మెదడును చేరుతుంది. అక్కడ కాసేపు హాయిగా అనిపించే రసాయనాలను విడుదల చేయిస్తుంది. రోజూ ఇదే జరిగితే మెదడు దానికి అలవాటు పడిపోతుంది. ఇక నికోటిన్ అందకపోతే చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. ఇవి మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. ఎవరి సాయమూ లేకుండా మానినవాళ్లలో ఎక్కువమంది మొదటి వారం పది రోజుల్లోనే మళ్లీ మొదలుపెడతారు. అలా ప్రయత్నించిన వంద మందిలో ఏడాది తర్వాత నిలబడేది నలుగురైదుగురే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో పొగాకు వ్యసనానికి ప్రత్యేకంగా ఒక కోడ్ ఉంది. అంటే బీపీ, షుగర్ లాగే ఇదీ చీటీ మీద రాయదగిన జబ్బే. షుగర్ పెరిగి మళ్లీ వచ్చిన మనిషిని ఏ డాక్టరూ "నీకు పట్టుదల లేదు, పో" అనడు. మందు మార్చి, వచ్చే నెల రమ్మంటాడు. బీడీ మళ్లీ పట్టుకున్న మనిషికి మాత్రం ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ క్లాసు పీకడమే ఎక్కువ.

గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే రెండో విడత 2016-17లో జరిగింది. దాని ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. 2009-10లో ఇది 34.6 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి ఐదుగురిలో ఒకరు. మిగతా దేశంలో నమిలే పొగాకుది పైచేయి అయితే మన రాష్ట్రంలో కాల్చేవాళ్లే ఎక్కువ. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది, అది ఆసుపత్రులకు సంబంధించింది. అంతకు ముందు ఏడాదిలో డాక్టర్ దగ్గరకు వెళ్లిన పొగతాగేవాళ్లలో మానమని సలహా అందింది 48.8 శాతం మందికే. ఖైనీ, గుట్కా, జర్దా వాడేవాళ్లలో అయితే 31.7 శాతం మందికే. మరోవైపు పొగతాగేవాళ్లలో సగానికి పైగా మానాలని ఆలోచిస్తున్నట్టు చెప్పారు. అంటే మానాలని మనసులో ఉన్న మనిషి డాక్టర్ ఎదురుగా కూర్చుని లేచి వెళ్లిపోతున్నాడు, ఆ మాటే ఎత్తేవాళ్లు లేరు.

మన ఇళ్లలో ఇంకో కోణం ఉంది. బీడీ, సిగరెట్ తాగేది మగవాళ్లే కాబట్టి అందరి చూపూ వాళ్ల మీదే ఉంటుంది. పాన్‌దాన్ ముందు కూర్చుని జర్దా వేసుకునే నానీనీ, పళ్లకు నస్యం రుద్దుకునే దాదీనీ ఎవరూ లెక్కలో వేయరు. వాళ్లు కూడా తమకు పొగాకు అలవాటు ఉందనుకోరు. డాక్టర్ "సిగరెట్ తాగుతారా?" అని అడిగితే లేదనే చెబుతారు, అది అబద్ధమూ కాదు. అడగాల్సిన ప్రశ్న "పాన్‌లో జర్దా వేసుకుంటారా, నస్యం వాడతారా?" అని.

మొదలుపెట్టడం దేశానికి కొత్త కాదు

భారతదేశంలో పొగాకు మాన్పించే క్లినిక్‌లు 2002లో మొదలయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో కేంద్ర ఆరోగ్య శాఖ 13 చోట్ల వాటిని పెట్టింది. కేన్సర్ ఆసుపత్రులు, మానసిక వైద్య విభాగాలు, మెడికల్ కాలేజీలు వీటిలో ఉన్నాయి. తర్వాత మరికొన్ని చేరాయి. మొదటి ఐదేళ్లలో దాదాపు 35 వేల మంది వచ్చారు. ఆరు వారాల తర్వాత చూస్తే 14 శాతం మంది పూర్తిగా మానేశారు, మరో 22 శాతం మంది సగానికి పైగా తగ్గించారు. సాయం లేకుండా మానేవాళ్ల లెక్కతో పోలిస్తే ఇది చిన్న విషయం కాదు. కానీ నెలలు గడిచేకొద్దీ తిరిగి రప్పించడం, ఎవరు నిలబడ్డారో తెలుసుకోవడం కష్టమైంది. దూరం నుంచి వచ్చినవాళ్లు మళ్లీ రాలేదు.

2007-08లో జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం వచ్చింది. 21 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 42 జిల్లాలతో మొదలై దశలవారీగా విస్తరించింది. దీని ప్రకారం జిల్లా స్థాయిలో ఒక పొగాకు నియంత్రణ విభాగం ఉండాలి. కన్సల్టెంట్, కౌన్సెలర్ లేదా సైకాలజిస్టు, సోషల్ వర్కర్ ఉండాలి. జిల్లా ఆసుపత్రి స్థాయిలో మాన్పించే కేంద్రం నడవాలి. కాగితం మీద నిర్మాణం బాగానే ఉంది.

చిక్కంతా అది నిలబడే తీరులో ఉంది. కామర్స్ చదివినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గది, బల్ల, కుర్చీ, బోర్డు ఒక్కసారి పెట్టే ఖర్చు. జీతం, మందు, ఫోన్ బిల్లు ప్రతి నెలా పెట్టాల్సిన ఖర్చు. ప్రారంభోత్సవానికి మొదటిది చాలు. దుకాణం బతకాలంటే రెండోది కావాలి. ఈ కార్యక్రమంలో సిబ్బంది ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలో ఉంటారు. నిధులు నేషనల్ హెల్త్ మిషన్ కింద ఆమోదమయ్యే ప్రణాళికల నుంచి వస్తాయి. ఆమోదం ఆలస్యమైతే జీతం ఆలస్యమవుతుంది. జీతం ఆలస్యమైతే శిక్షణ పొందిన మనిషి ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. ఆ మనిషితోపాటే ఫాలోఅప్ నోట్‌బుక్కు, పేషెంట్ల ఫోన్ నంబర్లు, వాళ్లతో ఏర్పడ్డ చనువు కూడా పోతాయి. కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టాలి.

దీన్ని పొగాకు పండించే వైపుతో పోల్చి చూడండి. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ 1947లో మొదలైంది. గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు 1976 నుంచి పని చేస్తోంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో వరి, పత్తి, శనగతోపాటు బీడీ పొగాకు మీద కూడా పరిశోధన జరిగింది. రైతు బతుకు ఉంది కాబట్టి ఆ సంస్థలను తప్పు పట్టే పని లేదు. పంట వైపు దశాబ్దాలు నిలిచే సంస్థలు ఉన్నాయి, మాన్పించే వైపు పోస్టు మాత్రం ఏటికేడాది రెన్యువల్ కోసం ఎదురుచూస్తోంది. తేడా అక్కడుంది.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఒక ప్రయాణం

ఆళ్లగడ్డలో ఆటో నడిపే ఒక 45 ఏళ్ల మనిషిని ఊహించుకుందాం. ఫజ్ర్ అయ్యాక టీ, టీతోపాటు బీడీ. రోజుకు రెండు కట్టలు. ఆరు వారాలుగా దగ్గు తగ్గడం లేదు. ఇంట్లో పోరు పడలేక ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాడు. ఓపీలో రద్దీ. డాక్టర్‌కు ఒక్కో పేషెంటుకు దొరికేది రెండు మూడు నిమిషాలు.

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. ఒకటి: దగ్గుకు మందు రాసి, "బీడీలు మానెయ్" అని పంపేయడం. రెండోది: చీటీ మీదే "పొగాకు: అవును, రోజూ" అని రాసి, "మానాలని ఉందా?" అని ఒక్క ప్రశ్న అడిగి, ఉందంటే కౌన్సెలర్ దగ్గరకో నర్సు దగ్గరకో పంపడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సలహాకు 30 సెకన్ల నుంచి మూడు నిమిషాలు చాలంటున్నాయి. టైం లేదన్న సాకు అక్కడ పోతుంది.

ఆ మనిషిని "జిల్లా ఆసుపత్రిలో సెంటర్ ఉంది, నంద్యాల వెళ్లు" అని పంపారనుకుందాం. నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. బస్సు చార్జీ రానూ పోనూ, దానికి తోడు ఆ రోజు ఆటో తిరగదు. ఒకసారి వెళ్తాడు. వారం తర్వాత రమ్మంటే వెళ్లడు. వెళ్లకపోవడానికి కారణం పట్టుదల కాదు, ఆ రోజు కూలి. పెద్దాసుపత్రిలో ఎంత మంచి సెంటర్ ఉన్నా ఆళ్లగడ్డ మనిషికి అది నెలనెలా అందదు. మొదటిసారి నంద్యాలలో చూపించుకున్నా మిగతాది ఆళ్లగడ్డలో, లేదా ఫోన్‌లో జరిగే ఏర్పాటు కావాలి.

ఇలాంటి ఏర్పాటు పని చేస్తుందా అన్నదానికి కెనడాలో మంచి ఉదాహరణ ఉంది. ఒట్టావా యూనివర్సిటీ గుండె ఆసుపత్రి 2002లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. అడ్మిట్ అయిన ప్రతి ఒక్కరినీ పొగతాగుతారా అని అడగడం, అది ఫైల్‌లో రాయడం, బెడ్ దగ్గరే కౌన్సెలింగ్, మందు ఇవ్వడం, డిశ్చార్జి అయ్యాక ఆటోమేటిక్ ఫోన్ కాల్స్‌తో నెలల తరబడి వెంటపడడం. ఈ పద్ధతి అమలు చేసిన ఆసుపత్రుల్లో దీర్ఘకాలం మాని నిలబడినవాళ్ల శాతం 18.3 నుంచి 29.4కి పెరిగింది. ఆసుపత్రిలో ఇచ్చే కౌన్సెలింగ్ మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు కూడా ఇదే తేలింది: ఇంటికి వెళ్లాక కనీసం ఒక నెలపాటు ఫాలోఅప్ ఉంటేనే ఫలితం కనిపిస్తుంది. బెడ్ దగ్గర ఎంత బాగా చెప్పినా గేటు దాటాక వదిలేస్తే పెద్దగా నిలవదు.

అమెరికాలో 2017లో నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి పనికే కేన్సర్ ఆసుపత్రులకు డబ్బు ఇచ్చింది. విడతలవారీగా మొత్తం 52 కేంద్రాలు చేరాయి. ఒక్కో కేంద్రానికి నిధులు రెండేళ్లకే. డబ్బు ఆగాక ఎలా నడుపుతారన్నది మొదటి రోజు నుంచే ప్రణాళికలో పెట్టమన్నారు. చాలా కేంద్రాలు చేసిన మొదటి పని పొగాకు ప్రశ్నను ఆసుపత్రి కంప్యూటర్ రికార్డులోనే కలిపేయడం. డాక్టర్ మారినా నర్సు మారినా కంప్యూటర్ ఆ ప్రశ్న అడుగుతూనే ఉంటుంది. మన దగ్గర ప్రతి ఓపీలో అంత కంప్యూటర్ లేకపోవచ్చు. రబ్బరు స్టాంపు అయినా ఉండొచ్చు కదా. చీటీ మీద "పొగాకు: ఉంది/లేదు" అని కొట్టే స్టాంపుకు పెద్ద బడ్జెట్ ఏం కావాలి?

ఉన్న రిజిస్టర్లలోనే దారి ఉంది

కొత్త పథకం కంటే పాత పథకంలో చోటు వెతుక్కున్నది ఎక్కువ కాలం బతుకుతుంది. ఆ చోటు ఇప్పటికే రెండు చోట్ల ఉంది.

మొదటిది ఆశా కార్యకర్త చేతిలో ఉన్న ఫారం. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, కేన్సర్ ముప్పు అంచనా వేయడానికి ఆమె ఇంటికి వచ్చి నింపుతుంది. అందులో వయసు, నడుము కొలతతోపాటు పొగాకు ప్రశ్న కూడా ఉంది. ఎప్పుడూ వాడకపోతే సున్నా, ఒకప్పుడు వాడినా అప్పుడప్పుడు వాడినా 1, రోజూ వాడితే 2 మార్కులు. మొత్తం మార్కులు 4 దాటితే ముందుగా పరీక్షలకు పంపాలి. ఆమె అడిగినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల జర్దా, నస్యం సంగతి కూడా చెప్పాలి. "మా ఇంట్లో అలాంటివేం లేవమ్మా" అని గుమ్మంలోంచే పంపేస్తే ఆ ఇంటి నోటి కేన్సర్ పరీక్ష వెనక్కి పోతుంది.

రెండోది టీబీ విభాగం. పొగతాగేవాళ్లకు టీబీ ముప్పు రెండింతలకు పైగా ఉంటుంది. మందు వాడుతున్నప్పుడు కూడా పొగ మానకపోతే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. అందుకే టీబీ కార్యక్రమం, పొగాకు కార్యక్రమం కలిసి పనిచేయాలని 2017లో కేంద్రం ఒక విధానం తెచ్చింది. టీబీ పేషెంటు కనీసం ఆరు నెలలు మందు తీసుకోవాలి, ఆ కాలమంతా సిబ్బందికి కనిపిస్తూ ఉండాలి. మందు ఇచ్చిన ప్రతిసారీ "బీడీ సంగతేంటి?" అని ఒక్క మాట అడిగి రాస్తే ఆరు నెలల ఫాలోఅప్ వేరే ఖర్చు లేకుండా వచ్చేస్తుంది. పైన ఊహించుకున్న ఆటో డ్రైవర్‌కు కూడా రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి తెమడ పరీక్ష చేయాల్సిందే.

ఆళ్లగడ్డలో దీనికి ఇంకో కారణం ఉంది. ఆ ఊరు రాతి శిల్పాలకు పేరు. రాయి చెక్కేటప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, అది టీబీ ముప్పును పెంచుతుంది. దుమ్ముకు బీడీ పొగ తోడైతే ఊపిరితిత్తి రెండు వైపుల నుంచీ దెబ్బ తింటుంది. శిల్పుల షెడ్ల దగ్గరికే వెళ్లి అడిగే ఏర్పాటు ఉంటే ఓపీ లైనులో నిలబడేంత వరకూ ఆగక్కర్లేదు.

నంద్యాలకు ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమైన ఐదు కొత్త కాలేజీల్లో ఇదొకటి. మెడికల్ కాలేజీల్లో పొగాకు మాన్పించే కేంద్రాలు ఉండాలని నేషనల్ మెడికల్ కమిషన్ కోరింది. డెంటల్ కాలేజీలకు డెంటల్ కౌన్సిల్ అంతకు ముందే చెప్పింది. కాలేజీలో ఇలాంటి కేంద్రం నడిస్తే లాభం గది ఒక్కటే కాదు. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది. హౌస్ సర్జన్లు అక్కడ కొన్ని రోజులు కూర్చుని పని నేర్చుకుంటే, రేపు వాళ్లు ఏ మండలంలో పీహెచ్‌సీకి వెళ్లినా ఆ పని వాళ్లతోపాటే వెళ్తుంది. ఒక కౌన్సెలర్ మానేస్తే ఆగిపోని పద్ధతి అంటే ఇదే.

మందు లేని కౌన్సెలింగ్

మాట ఒక్కటే చాలదు. నికోటిన్ గమ్, నికోటిన్ పట్టీ లాంటివి మానే అవకాశాన్ని దాదాపు ఒకటిన్నర రెట్లు చేస్తాయి. ఇవి శరీరానికి కొంచెం నికోటిన్ మాత్రమే ఇస్తాయి, పొగలోని విషాలు ఇందులో ఉండవు. గమ్ 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అని రెండు రకాలు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి బీడీ వెలిగించే మనిషికి సాధారణంగా పెద్ద డోసు కావాలి. చాలామంది దీన్ని బబుల్‌గమ్ లాగా నమిలేసి, కడుపులో మంట వచ్చిందని పారేస్తారు. అలా కాదు. నెమ్మదిగా నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గ పక్కన ఉంచుకోవాలి. మళ్లీ కాసేపటికి నమలాలి. ముందు 15 నిమిషాలు టీ, కాఫీ తాగకూడదు. సాధారణంగా 8 నుంచి 12 వారాలు వాడాలి. బుప్రోపియాన్, వరెనిక్లిన్ అనే మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టర్ రాస్తేనే. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఏదైనా డాక్టర్‌ను అడిగే వాడాలి.

నికోటిన్ మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశం 2022 జాబితాలో చేర్చింది. జాబితాలో ఉండడం వేరు, ఆసుపత్రి ఫార్మసీ అరలో ఉండడం వేరు. ప్రభుత్వ ఆసుపత్రి అడిగితేనే, అంటే ఇండెంట్ పెడితేనే మందు వస్తుంది. రాసే డాక్టర్ లేకపోతే ఇండెంట్ పెట్టరు. మందు లేకపోతే డాక్టర్ రాయడు. ఈ గొలుసు ఎక్కడో ఒక చోట తెగాలి. మొదట తెంపగలిగేది రాసే డాక్టరే.

డబ్బు విషయానికి వస్తే, పొగాకు వల్ల వచ్చే జబ్బులు, మరణాలతో 35 ఏళ్లు దాటినవాళ్లలో దేశానికి జరిగిన నష్టం 2017-18లో 1.77 లక్షల కోట్ల రూపాయలని అంచనా. జీడీపీలో అది ఒక శాతానికి కాస్త పైనే. ఈ అంకె ఎవరి ఇంటికీ ఆనదు. ఇంటి లెక్క వేరే. రోజుకు 40 రూపాయలు బీడీకో గుట్కాకో పోతే ఏడాదికి 14,600 అవుతుంది. పిల్లల స్కూల్ ఫీజు గురించి ఆలోచించే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు. గమ్ ఖరీదు ఎక్కువ అనిపించినప్పుడు దాన్ని రెండు మూడు నెలల ఖర్చుగా చూడాలి. బీడీది జీవితాంతం ఖర్చు.

రంజాన్‌ను ఆసుపత్రి ఎందుకు గుర్తు పెట్టుకోవాలి

ఏడాదిలో ఒక నెల, పెద్ద సంఖ్యలో పొగతాగేవాళ్లు ఎవరూ చెప్పకుండానే రోజుకు 13, 14 గంటలు పొగాకుకు దూరంగా ఉంటారు. ఇఫ్తార్ అవగానే మసీదు బయట బీడీ వెలగడం కూడా అందరూ చూసేదే. ఆ మనిషి తనకు అది సాధ్యమేనని ముప్పై రోజులు తనకు తానే రుజువు చేసుకుంటాడు. మిగిలిన పదిగంటలకే సాయం కావాలి. షాబాన్ నెలలోనే మానే తేదీ పెట్టుకుని, డాక్టర్‌ను కలిసి, ఇఫ్తార్ తర్వాతికి గమ్ సిద్ధం చేసుకుంటే ఆ నెల వృథా పోదు. ముస్లిం జనాభా ఎక్కువ ఉన్న నంద్యాల లాంటి చోట ఆసుపత్రి క్యాలెండర్‌లో మే 31తోపాటు ఈ నెల కూడా ఉండాలి.

రోజా ఉండగా గమ్ నమలడం కుదరదు, అది అందరికీ తెలిసిందే. పట్టీ సంగతి చాలామంది అడుగుతారు. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లో జెద్దా సమావేశంలో, చర్మం ద్వారా ఒంట్లోకి వెళ్లే పూతలు, మందు పట్టీలతో రోజా చెడదని చెప్పింది. అయినా నికోటిన్ పట్టీ విషయంలో సందేహం ఉంటే దగ్గర్లోని ముఫ్తీ సాహెబ్‌ను అడిగి, తర్వాత డాక్టర్‌ను అడగడం మంచిది.

ఈద్ రోజు దోస్తులు కలిసినప్పుడు "ఒక్కటే కదా భయ్యా" అని చేతిలో పెడతారు. ఫాలోఅప్ కాల్ ఎప్పుడు చేయాలో తెలిసిన కౌన్సెలర్ అయితే ఈద్ మర్నాడే చేస్తాడు.

ఫోన్‌లో దొరికే సాయం

ఊళ్లో కౌన్సెలర్ లేకపోయినా 1800-11-2356 అనే ఉచిత నంబర్ ఉంది. జాతీయ పొగాకు క్విట్‌లైన్ అంటారు. 2016 మే నెలలో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ ఆసుపత్రిలో మొదలైంది. తర్వాత ముంబై, గువాహటి, బెంగళూరుల్లో కూడా కేంద్రాలు పెట్టారు. దక్షిణాది భాషల కాల్స్‌ను బెంగళూరు నిమ్హాన్స్ కేంద్రం చూస్తుంది. 2018 సెప్టెంబర్ నుంచి ఈ నంబర్ ప్రతి సిగరెట్, బీడీ, గుట్కా ప్యాకెట్ మీద భయంకరమైన బొమ్మ కింద అచ్చవుతోంది. బొమ్మను చూసి ముఖం తిప్పుకోవడంతో చాలామంది నంబర్ చూడరు. కాల్ చేస్తే మాట్లాడేవాళ్లు మానే తేదీ ఒకటి పెట్టిస్తారు, ఆ తర్వాత వాళ్లే తిరిగి కాల్ చేస్తారు. చదువుకున్న కొడుకో కూతురో పక్కన కూర్చుని మొదటి కాల్ కలిపితే పెద్దవాళ్లకు బెరుకు తగ్గుతుంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సు ఎక్కాల్సిన పని ఉండదు.

ఇంట్లో మళ్లీ మొదలుపెట్టిన మనిషి ఉంటే, "ఇన్ని రోజులు ఎలా ఆపగలిగావు, ఏ రోజు, ఎవరితో ఉన్నప్పుడు మళ్లీ పట్టుకున్నావు?" అని అడగాలి. కౌన్సెలర్ కూడా అదే అడుగుతాడు. ఆ జవాబులోంచే రెండో ప్రయత్నం పుడుతుంది. వయసైపోయింది, ఇప్పుడు మాని ఏం లాభం అనే మాటకు కూడా లెక్క ఉంది. బ్రిటన్‌లో డాక్టర్ల మీదే 50 ఏళ్లపాటు సాగిన పరిశీలనలో, 40 ఏళ్లకు సిగరెట్ మానినవాళ్లకు తొమ్మిదేళ్లు, 50కి మానినవాళ్లకు ఆరేళ్లు, 60కి మానినవాళ్లకు కూడా మూడేళ్ల ఆయుష్షు కలిసివచ్చినట్టు తేలింది.

ఇక ఆసుపత్రి వైపు. ప్రభుత్వ ఆసుపత్రులకు అభివృద్ధి సొసైటీలు ఉంటాయి. ప్రజాప్రతినిధులు, అధికారులు అందులో కూర్చుంటారు, చిన్న చిన్న ఖర్చులకు అక్కడే ఆమోదం దొరుకుతుంది. ఇప్పటిదాకా ఆ సమావేశాల ముందుకు ఫ్యాన్లు, మంచినీళ్లు, కుర్చీల అర్జీలే ఎక్కువగా వెళ్తుంటాయి. నంద్యాలలో, ఆళ్లగడ్డలో మసీదు కమిటీలు, మహిళా సంఘాలు, ఆటో యూనియన్లు ఒక అర్జీ ఇస్తే అందులో నాలుగు ప్రశ్నలు చాలు. ఓపీ చీటీ మీద పొగాకు గడి ఉందా? వారంలో ఏ రోజు, ఏ గదిలో, ఎవరు కూర్చుంటారు? ఫాలోఅప్ కాల్ చేసే పని ఎవరి పేరు మీద ఉంది, ఆ మనిషి సెలవు పెడితే ఎవరు చేస్తారు? వచ్చే మూడు నెలల ఇండెంట్‌లో నికోటిన్ గమ్ రాశారా?